మా అత్త అడిగిన గ్యాసు

మా మేనత్త హోటలుకి బోర్డు ఉండేది కాదు. రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే రోడ్డు మీద, మా ఊరి మలుపు దగ్గర, రేకుల వసారా ఒకటి, నాలుగు బల్లలు, ఒక పెద్ద పొయ్యి. అంతే. బస్సు కండక్టర్లు ఆ మలుపుని దిబ్బరొట్టె స్టాపు అనేవారు. ఊరి పేరు చెప్పి టికెట్ అడిగితే, "దిబ్బరొట్టె దగ్గరేనాండి?" అని ఖాయం చేసుకుని మరీ కొట్టేవారు.

మామయ్య పోయాక అత్త పుట్టిన ఊరికి వచ్చేసింది. తనతో ఉండమని మా నాన్న అన్నాడు. ఉండనంది. తాతయ్య ఆవిడ పేరున రాసిన అరెకరం కొబ్బరితోట రోడ్డు పక్కనే ఉంది. అందులో ఒక మూల రేకులు వేయించి పొయ్యి వెలిగించింది. అప్పటికి ఆవిడకి నలభై దాటి ఉంటాయి. పిల్లలు లేరు. మా ఇంట్లో అందరికీ అది కొంచెం నామోషీగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి మా నాన్నే పొద్దున్నే అక్కడికెళ్ళి కాఫీ తాగి రావడం మొదలుపెట్టాడు.

ఆ పొయ్యి ఊక పొయ్యి. ఇనప డ్రమ్ము మధ్యలో రోకలిలాంటి కర్ర నిలబెట్టి, చుట్టూ వడ్ల ఊక దట్టించి, కర్రని నెమ్మదిగా పైకి లాగేస్తారు. ఆ కన్నంలోంచి మంట లేస్తుంది. ఒకసారి దట్టిస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకే సెగ. ఎగదోయక్కర్లేదు, ఊదక్కర్లేదు. దిబ్బరొట్టెకి అలాంటి సెగే కావాలి. మందంగా పోసిన మినప్పిండి అడుగున మాడకుండా లోపలిదాకా ఉడకాలంటే తొందరపడే మంట పనికిరాదు. మండపేట మిల్లుల నుంచి వచ్చే లారీవాళ్ళు ఊక బస్తాలు తెచ్చి పడేసి, టిఫిను తిని వెళ్ళిపోయేవారు. మిల్లులకి ఆ రోజుల్లో ఊక ఒక తలనొప్పి. ఎవరైనా ఎత్తుకెళితే అదే పదివేలు అన్నట్టు ఉండేది.

తొంభైల మొదట్లో నా డిగ్రీ అయిపోయింది. రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఆ రెండేళ్ళూ నా పొద్దుటి మకాం అత్త హోటలే. అప్పటికే మా చుట్టుపక్కల గ్యాసు కోసం తవ్వకాలు మొదలయ్యాయి. వరిచేల మధ్య ఇనప స్తంభాలు లేచాయి. తోటల అవతల ఒక సన్నటి గొట్టం చివర, పట్టలేక వదిలేసే గ్యాసు మంట రాత్రీ పగలూ మండుతూ ఉండేది. మొదట్లో బండ్లు కట్టుకుని చూడ్డానికి వచ్చారు జనం. తర్వాత అలవాటైపోయింది. కొబ్బరాకుల నీడలు రాత్రిపూట కూడా గోడల మీద కదులుతుంటే, అవి ఎక్కడివని పసిపిల్లలు కూడా అడగడం మానేశారు.

గ్యాసుని బయటికి తీసుకువెళ్ళడానికి భూమిలో గొట్టాలు వెయ్యాలి. పైనుంచి వచ్చిన ఇంజనీర్లకి తెలుగు రాదు, రైతులకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఇంగ్లీషు మాట్లాడగలిగిన కుర్రాడు కావాలని కాంట్రాక్టరు వెతుకుతుంటే ఎవరో నా పేరు చెప్పారు. మాటలు అటూ ఇటూ మొయ్యడం నా ఉద్యోగం. ఏ నెలకానెల పొడిగించే ఉద్యోగం. అయినా ఇంట్లో నాకు మర్యాద పెరిగింది.

గొట్టం దారి మా అత్త తోటలోంచి వెళుతుందని తేలిన రోజు సర్వే చేసే ఇంజనీరుగారి వెనక నేనే ఉన్నాను. ఆయనది ఎక్కడో ఉత్తరాన కొండల పక్క ఊరు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. అప్పటికి నెల రోజులుగా పొద్దున్నే అత్త దగ్గర దిబ్బరొట్టె తినడం ఆయనకి అలవాటు. ఎర్ర జెండాలు కట్టిన మేకులు తోటలో దిగుతుంటే అత్త గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూసింది.

"ఎన్ని చెట్లు పోతాయిరా?"

"ఆరు," అన్నాను.

ఆ ఆరింటినీ ఒక్కొక్కటే చూసింది. పరిహారం ఇస్తారని చెప్పబోతుంటే చేత్తో ఆపింది.

"పోతే పోనీ. ఇలా చెప్పు ఆయనకి. గొట్టం వేసేటప్పుడు, నా పొయ్యి దాకా సన్నది ఇంకోటి లాగమను. పెద్దదాంట్లోంచి చిన్నది. కాలవలోంచి బోదె తీసినట్టు."

నేను చెప్పాను. ఇంజనీరుగారు నవ్వారు. వెటకారం లేని నవ్వే. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. అది అత్త అడిగిన మాటో, ఆరు చెట్ల లెక్కో నాకు కనిపించలేదు. అత్త మాత్రం ఆ రాతని నమ్మింది. ఆ తర్వాత ఎప్పుడు గ్యాసు మాట వచ్చినా, "రాసుకున్నారు కదండీ బాబుగారు," అనేది వచ్చినవాళ్ళతో.

చెట్లు కొట్టారు, కందకం తవ్వారు, గొట్టం దించారు, మట్టి కప్పారు. ఆ మట్టి మీద మళ్ళీ చెట్టు నాటకూడదన్నారు, వేళ్ళు దిగుతాయని. అత్త అక్కడ తోటకూర చల్లింది. ఆ తోటకూర పులుసే కొన్నాళ్ళు మా ఇళ్ళన్నిటిలోనూ.

అప్పట్లో మా ఊళ్ళో వంటగ్యాసు సిలిండరు ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేయచ్చు. కనెక్షను కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి చూడాలి. లేదా పెద్దవాళ్ళ సిఫారసు ఉత్తరం పట్టుకురావాలి. కిరసనాయిలు కోసం రేషను షాపు దగ్గర డబ్బాలు వరసలో పెట్టి మనుషులు నీడకి వెళ్ళిపోయేవారు. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు లేడు. ఆ వరసలో నిలబడ్డవాళ్ళ తలల వెనక, తోటల మీదుగా, ఆ మంట కనబడుతూ ఉండేది. దాని గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. కిరసనాయిలు పోయించుకుని వెళ్ళిపోయేవారు.

ఆ ఏడాది చివర్లో బళ్ళో మీటింగు పెట్టారు. గ్రామాభివృద్ధికి కంపెనీవారు, ప్రభుత్వంవారు కలిసి కొంత ఖర్చు పెడతారట, ఏం కావాలో ఊరివాళ్ళు చెప్పాలట. షామియానా వేశారు. మండలం నుంచి ఒక అధికారి వచ్చారు. కంపెనీ తరఫున పెద్దాయన ఒకరు, ఆయన పక్కన మన ఇంజనీరుగారు. మైకు నా చేతిలో ఉంది. తెలుగుని ఇంగ్లీషు చెయ్యాలి, ఇంగ్లీషుని తెలుగు చెయ్యాలి.

పంచాయతీ ప్రెసిడెంటుగారు ముందే అనుకుని వచ్చారు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం ఒకటి, కమ్యూనిటీ హాలు ఒకటి. అందరూ తలలు ఊపుతున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అత్త లేచింది. మధ్యాహ్నం పిండి రుబ్బుతూ వచ్చినట్టుంది, మోచేతి దగ్గర ఇంకా తెల్లగా ఉంది.

"ఏవండీ, నాదొక మాటండి. ఇక్కడ్నించి తీసుకెళ్ళే గ్యాసు ఎక్కడికెళ్తుందండి?"

ఎరువుల ఫ్యాక్టరీలకీ, కరెంటు తయారుచేసే చోట్లకీ వెళుతుందని పెద్దాయన చెప్పారు. నేను తెలుగు చేశాను.

"ఆ కరెంటు మాకొస్తుందాండి?"

దేశం మొత్తానికి కలిపి ఉన్న లైన్లలోకి వెళుతుంది కాబట్టి అందరికీ వచ్చినట్టేనని ఆయన అన్నారు. వెనక ఎవరో దగ్గారు.

"పోన్లెండి, కరెంటు సంగతి వదిలెయ్యండి. నా పొయ్యికి గ్యాసు ఎప్పుడిస్తారండి? ఆ బాబుగారు రాసుకున్నారు కూడాను."

ఇంజనీరుగారు బల్ల మీది గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు. పెద్దాయన ఓపిగ్గానే చెప్పారు. గొట్టంలో వెళ్ళేది వేరే గ్యాసు, సిలిండర్లలో వచ్చేది వేరే గ్యాసు. గొట్టంలోది చాలా ఒత్తిడితో వెళుతుంది, ఒక్కో ఇంటికి ఇవ్వడానికి వీల్లేదు. ఎవరికి ఇవ్వాలనేది ఢిల్లీలో నిర్ణయిస్తారు. ఇదంతా నాకు చేతనైనట్టు తెలుగులో చెప్పాను.

"వేరే గ్యాసైతే వేరే పొయ్యి కొనుక్కుంటాను. దానికేముందండి?"

అందరూ నవ్వారు. మండలం అధికారి కూడా నవ్వి, "కూర్చోండమ్మా, చెప్పేరు కదా," అన్నారు.

"కూర్చుంటానండి. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను." అత్త నా వైపు తిరిగింది. "ఇది అడగరా ఆయన్ని. గొట్టానికి మా చెట్లు అడ్డమన్నారు, కొట్టేసేరు. ఊరుకున్నాం. ఇప్పుడు మేం అడిగితే, అది మీకు పనికొచ్చే గ్యాసు కాదంటున్నారు. పనికిరానిదాని కోసం ఇంతమంది ఇంత దూరం నుంచి ఎందుకొచ్చేరూ? అది అడుగు."

ఈసారి నవ్వు లేదు. నెలాఖరు దగ్గర్లో ఉంది. కాంట్రాక్టరు మొదటి వరసలోనే ఉన్నాడు. స్థానిక అవసరాలను దయతో పరిశీలించవలసిందిగా ఆవిడ రిక్వెస్ట్ చేస్తున్నారని ఇంగ్లీషులో అన్నాను. పెద్దాయన తల ఊపి, తప్పకుండా అన్నారు. అయిపోయిందనుకున్నాను.

అత్త కూర్చోలేదు. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, మామయ్య పింఛను కోసం ఆవిడ తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. రిక్వెస్టు అనే మాట ఆవిడకి బాగా తెలుసు.

"నేను రిక్వెస్టు చెయ్యలేదు కదరా, అబ్బాయ్," అంది.

కోపం లేదు ఆ గొంతులో. చట్నీలో ఉప్పు మర్చిపోయావని చెప్పినట్టు చెప్పింది. కానీ ఊరంతా విన్నారు. వాళ్ళందరి ముందూ నేను నిలబడి ఉన్నాను. ఆ కాసేపు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

మళ్ళీ మైకు దగ్గర పెట్టుకుని, ఆవిడ అన్నది అన్నట్టుగా, చెట్లతో మొదలుపెట్టి, ఒక్కో వాక్యమూ చెప్పాను. పెద్దాయన నా మొహం కేసి చూశారు, తర్వాత అత్త కేసి చూశారు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి చెప్పడానికి తన దగ్గర జవాబు లేదు అన్నారు.

"జవాబు లేదంటున్నారత్తా," అన్నాను.

"ఆయ్. ఆ ముక్క ముందే చెబితే సరిపోయేది కదండీ," అని కూర్చుంది.

ఆ నెలాఖరుతో నా ఉద్యోగం పొడిగించలేదు. పని అయిపోవచ్చిందని కాంట్రాక్టరు చెప్పాడు. గొట్టం పని నిజంగానే చివరికి వచ్చింది, కాబట్టి ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. అత్త మాత్రం ఉందనే అనుకుంది. ఒక పదిహేను రోజులు నన్ను డబ్బులివ్వనివ్వలేదు. తర్వాత, "ఉద్యోగం చూసుకోరా, ఎన్నాళ్ళు తింటావు," అంది. కొత్తపేటలో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు టీచరుగా చేరాను.

స్వాగత ద్వారం కట్టారు. కమ్యూనిటీ హాలు కట్టారు. హాలుకి పన్నెండు ఫ్యాన్లు పెట్టి, తిరగడానికి కరెంటు లేక, పెళ్ళిళ్ళకి జనరేటరు అద్దెకి తెచ్చేవారు. ద్వారం కింద నుంచి గడ్డి లోడు ట్రాక్టరు పట్టకపోవడంతో రైతులు పక్కనున్న పుంత దారిన వెళ్ళేవారు. వీధి దీపాలు కూడా వేశారు. వాటి స్విచ్చి ఎవరి దగ్గర ఉందో చాలాకాలం తెలియలేదు, పట్టపగలు వెలిగేవి. ఇవన్నీ అత్త హోటల్లో బల్లల దగ్గర రోజూ చర్చకి వచ్చేవి. ఊళ్ళో ప్రభుత్వాన్ని తిట్టుకోవాలంటే అంతకంటే మంచి చోటు లేదు. ఆవిడ వింటూ అట్లు తిరగేసేది, మధ్యలో కలగజేసుకునేది కాదు.

తర్వాత కరెంటు చార్జీలు పెంచిన ఏడాది వచ్చింది. డీజిలు అప్పటికే రెండుసార్లు పెరిగింది. ఆటోలవాళ్ళు, వ్యానులవాళ్ళు, మోటార్ల మీద తోటలకి నీళ్ళు పెట్టుకునే రైతులు అందరూ కలిసి ఒకరోజు మా మలుపు దగ్గరే రోడ్డు మీద కూర్చున్నారు. అటు ఆరు బస్సులు, ఇటు నాలుగు బస్సులు ఆగిపోయాయి. నాకు ఆ రోజు బడి సెలవు, నేనూ అక్కడే ఉన్నాను. కూర్చున్నవాళ్ళు నినాదాలు ఇస్తున్నారు. బస్సుల్లోవాళ్ళు దిగి వీళ్ళని తిడుతున్నారు. పదింటికల్లా రెండు పక్షాలకీ ఆకలేసింది. అత్త రెండు వైపులవాళ్ళకీ పెట్టింది. పిండి మధ్యాహ్నానికి అయిపోతే ఉప్మా చేసింది. పోలీసులు వచ్చి అందరినీ లేపి, వాళ్ళూ టిఫిన్లు తిని వెళ్ళారు.

ఆ మరుసటి వారమే అత్త దిబ్బరొట్టె ధర పెంచింది. నాలుగేళ్ళ తర్వాత అదే మొదటిసారి. మినప్పప్పు పెరిగింది, నూనె పెరిగింది, లారీవాళ్ళు ఊకకి కూడా డబ్బు అడగడం మొదలుపెట్టారు. ఏదో ఒకటి చెయ్యక తప్పదు. పలక మీద కొత్త ధర రాసింది నేనే. పొద్దున్నే ఆటోలవాళ్ళు వచ్చి ఆ పలక చూసి గొడవ చేశారు. వారం కిందట రోడ్డు మీద ముందు వరసలో కూర్చున్నాయన చెయ్యి చాపి మరీ అన్నాడు.

"ఇదేం అన్యాయమండి అక్కగారూ? అడిగేవాడు లేడనాండి?"

అత్త ఆయనకి ప్లేటు ముందు పెట్టి అంది, "ఎందుకు లేరండి, మీరున్నారుగా. డీజిలు పెంచినోళ్ళని అడగాలంటే హైదరాబాదో ఢిల్లీయో ఎళ్ళాలి. నన్నడగడానికి బండి దిగితే చాలు. అడగండి, నేనెక్కడికీ పోను. తినండి ముందు."

ఆయన తిన్నాడు. కొత్త ధర ఇచ్చాడు. మూడు రోజులు రాలేదు, నాలుగో రోజు వచ్చాడు.

అసలు దెబ్బ మాత్రం డీజిలుది కాదు, ఊకది. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలంలో లారీవాళ్ళు ఊక తేవడం మానేశారు. ఎవరిని అడిగినా మిల్లుల్లో దొరకడం లేదనే మాట. ఒక ఆదివారం అత్త నన్ను తోడు తీసుకుని తనే మండపేట బయల్దేరింది. రావులపాలెం దాకా ఒక బస్సు, వంతెన దాటి జొన్నాడ మీదుగా ఇంకో బస్సు. ఎండలో మిల్లులన్నీ తిరిగాం. చివరికి ఒక పెద్ద మిల్లులో గుమస్తాగారు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆయన మా హోటల్లో ఒకసారి తిన్నారట.

"ఊక ఇప్పుడు మాది కాదండమ్మా," అన్నారాయన.

"మిల్లు మీదేనాండి?"

"మిల్లు మాదేనండి. ఊక మొత్తం ఒక ప్రైవేటు కంపెనీకి రాసిచ్చేసేం. ఊకతో కరెంటు చేస్తున్నారండి. గవర్నమెంటువారు ప్రోత్సాహం కూడా ఇస్తున్నారు. ఒక్క బస్తా బయటికి పోడానికి లేదండి."

ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు. గుమస్తాగారు పేపరుతో విసురుకుంటున్నారు. కల్పించి చెబుతున్నానని అనుకోవద్దు. ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్ళినా అంతే.

"గ్యాసూ కరెంటుకే, ఊకా కరెంటుకే," అంది అత్త. "మరి ఆ కరెంటంతా ఎవరింట్లో ఉందండీ?"

గుమస్తాగారు పేపరు ఆపి, "ఏమోనండమ్మా, మా ఇంట్లో అయితే లేదండి," అన్నారు.

ఆ మాటకి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఉత్త చేతులతో తిరిగొచ్చాం. బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. ఆవిడ జుట్టు అంత నెరిసిందని నేను అప్పుడే చూశాను.

అప్పటికి ఆడవాళ్ళ పొదుపు సంఘాలకి ప్రభుత్వం గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. అత్తకీ ఒక సిలిండరు వచ్చింది. ఊక లేకపోవడంతో దాన్ని హోటల్లో పెట్టింది. ఊళ్ళో ఇంకో రెండు మూడు కాఫీ హోటళ్ళు చేస్తున్న పనే అది. కానీ దిబ్బరొట్టె కుదరలేదు. మంట ఎంత తగ్గించినా అడుగు నల్లబడేది, మధ్యలో పచ్చిగా ఉండేది. "ఇది దిబ్బరొట్టె కాదండి, మందం అట్టు," అని కండక్టరు ఒకాయన ప్లేటు పక్కకి జరిపాడు. అత్త అడుగున ఇసుక పోసిన పెనం పెట్టి చూసింది, మట్టి మూకుడు పెట్టి చూసింది. నెల పట్టింది కొంచెం దారికి రావడానికి.

దారికి వచ్చిన వారంలోనే తనిఖీవాళ్ళు వచ్చారు. ఇంటికని ఇచ్చిన సిలిండరు వ్యాపారానికి వాడకూడదు. రాసుకుని, సంతకం పెట్టించుకుని, పొయ్యి మీద అట్టు ఉండగానే సిలిండరు విప్పి జీపులో వేసుకున్నారు. ఎవరో చెబితే సాయంత్రం బడి నుంచి అటే వచ్చేశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళ కిందట తోటలో చెట్లు కొట్టిన దగ్గర్నించి మొదలుపెట్టి, ద్వారం, హాలు, పగలు వెలిగే దీపాలు, మండపేట, అన్నీ ఏకరువు పెట్టాను. పేపరుకి రాస్తానన్నాను. మర్నాడు మండలం ఆఫీసుకి వెళ్ళి నిలదీద్దామన్నాను.

అత్త చల్లారిన పెనం తోముతోంది.

"ఇందులో వాళ్ళ తప్పేముందిరా? ఇంట్లో వండుకోమని తక్కువకి ఇచ్చేరు. నేను హోటల్లో పెట్టేను. నాకు తెలిసే పెట్టేను."

"అందరూ పెడుతున్నారు కదా."

"అందరూ పెడితే నాది ఒప్పవుద్దా? ఆ రోజు మీటింగులో నేను అడిగింది ఒప్పు. ఈ రోజు నేను చేసింది తప్పు. రెండూ కలిపేసి నువ్వు గోల చెయ్యకు."

మర్నాడు తనే ఆఫీసుకి వెళ్ళింది. జుల్మానా కట్టి, వ్యాపారం సిలిండరు ధర ఎంతో కనుక్కుని వచ్చింది. అది తన వల్ల కాదని తేల్చుకుంది. వారం రోజులు హోటలు మూసింది. ఆ వారంలో తోటలో ఒక తాపీమేస్త్రిని పెట్టి మట్టీ ఇటుకా కలిపి పొడుగాటి పొయ్యి కట్టించింది. తోటలో వలిచిన కొబ్బరి పీచు డొక్కలూ చిప్పలూ వేసి రాజేసింది. చిప్ప ఒక్కసారి భగ్గుమని మండుతుంది, డొక్క రాజుకుంటూ ఉంటుంది. ఈ రెంటినీ ఎంతెంత వేస్తే ఊకలాంటి సెగ వస్తుందో కనిపెట్టేసరికి ఇంకో నెల. పొగ విపరీతం. గోడలు నల్లబడ్డాయి. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అమలాపురంలో డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, పొగకి దూరంగా ఉండమన్నాడు. "అంటే హోటలుకి దూరంగా ఉండమన్నాడు," అన్నాను. "మందు రాసిచ్చేడు కదా, చాలు," అంది. దిబ్బరొట్టె మాత్రం మళ్ళీ దిబ్బరొట్టె అయింది. బస్సులు మళ్ళీ ఆగాయి.

ఇంకో ఆరేడేళ్ళు అలా నడిపింది. ఈలోగా డీజిలు పెరుగుతూనే ఉంది. రైతుల మోటార్లకి ఉచిత కరెంటు వచ్చింది, ఉచితంగా ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు అని బల్లల దగ్గర పేరు పెట్టారు. గల్ఫు వెళ్ళిన వాళ్ళ ఇళ్ళల్లో ఇన్వర్టర్లు వచ్చాయి. తోటల అవతల మంట ఒకరోజు కనబడలేదు. ఆ గ్యాసుని కూడా పట్టుకుంటున్నారని కొందరు, గ్యాసు బావే అయిపోయిందని కొందరు. ఏది నిజమో ఎవరూ వెళ్ళి కనుక్కోలేదు.

ఒక మంగళవారం పొద్దున్న, చివరి ప్లేటు అయ్యాక, బల్లల దగ్గర ఉన్నవాళ్ళతో అత్త చెప్పింది.

"రేపట్నుంచి లేదండి. మోకాళ్ళు పనిచెయ్యట్లేదు."

ఎవరూ నమ్మలేదు. గ్యాసు ధరకే మూసేసిందని ఒకరు, ప్రభుత్వమే మూయించిందని ఒకరు. రెండు రోజులకి ఒక విలేఖరి మోటారు సైకిలు మీద వచ్చాడు. పెరిగిన ఇంధన ధరలకి మూతపడిన హోటలు అని రాయాలనుకున్నాడు. అరుగు మీద కూర్చుని రకరకాలుగా అడిగాడు. అత్త ప్రతిసారీ మోకాళ్ళే చూపించింది.

"ధరలకి మూసేదాన్నయితే ఎప్పుడో మూసేదాన్ని బాబూ. ధరల మీద కోపం లేదని కాదు. చాలా ఉంది. కావాలంటే అది రాసుకోండి. దానివల్ల మూసేనని రాయకండి."

అతను మర్యాదస్తుడు. ఏమీ రాయకుండా, చల్లటి మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

పొయ్యి వర్షాలకి కూలింది. రేకులు మా నాన్న పశువుల పాకకి వేయించాడు. అత్త మా ఇంటి వెనక గదిలోకి మారింది. మొదట్లో చేతులు ఊరుకోక మా అందరికీ ఇష్టమైనవన్నీ వండింది. తర్వాత అమ్మ వంటలో వంకలు పెట్టడం మొదలుపెట్టి, రెండు మాటలు పడి, మానుకుంది.

ఆ మరుసటి ఏడాది మోకాళ్ళకి మందు ఇప్పించడానికి కొత్తపేట తీసుకువెళ్ళాను. డాక్టరు పదకొండింటికి గానీ రానన్నాడు. బస్టాండు పక్క హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీ చెప్పాను. తనది కాని హోటల్లో బల్ల ముందు కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారనుకుంటాను. ఎక్కడ చెయ్యి పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. ఒక ఇడ్లీ తిని, పచ్చడి వేలితో రుచి చూసి, లేచి తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ హోటలాయన నలభై లోపు మనిషి, చెమటలో ఉన్నాడు.

"దేని మీద చేస్తున్నారండి?" అంది అత్త.

"పెద్ద సిలిండరండి, మామ్మగారూ. వ్యాపారందే."

"ఎన్నాళ్ళొస్తుందండి?"

ఆయన గరిటె పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. అత్త పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. కొబ్బరి చిప్పల మాట వినబడింది, మండపేట మాట వినబడింది. నేను నా కాఫీ తాగేసి, అత్త ప్లేటులో మిగిలిన ఇడ్లీ కూడా తినేసి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. డాక్టరు వచ్చే వేళ దాటిపోతున్నా వాళ్ళ మాటలు తెమలలేదు.